కోతల వేళ ముఖాముఖి

మా ఆయనతో వచ్చిన చిక్కేమిటంటే, ఆయన్ని ఏ ప్రశ్నా అడగకూడదు. కాఫీలో పంచదార సరిపోయిందా అని అడిగాననుకోండి, ఆ విషయం మీద ఇప్పటికే సమీక్ష జరిగిపోయిందన్నట్టు ఓ చూపు చూస్తారు. బాత్రూంలో గీజరు ఎవరు ఆపకుండా వచ్చారంటే, అది వెనకటి ప్రభుత్వం నుంచీ వస్తున్న సమస్యట. మా ఇంట్లో వెనకటి ప్రభుత్వమంటే మా అత్తగారే. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. అయినా పాపం, ఇప్పటికీ గీజర్లు ఆవిడే వదిలేస్తోంది.

పెళ్లైన కొత్తల్లో ఇలా ఉండేవారు కాదు. అడిగినదానికి అవుననో కాదనో చెప్పేవారు. ఎమ్మెల్యే అయ్యాక "చూద్దాం" అనడం నేర్చుకున్నారు. ఆరోగ్యశాఖ మంత్రి అయ్యాక ఆ చూడడం కూడా పోయింది. ఇప్పుడు జవాబు మొదలైతే అవుతుంది, కానీ ఎక్కడికీ చేరదు. సవారీ దొరకని ఆటోలాగా బస్టాండు చుట్టే తిరుగుతూ ఉంటుంది.

అలాంటి మనిషిని ఊరూరా తిప్పి జనం చేత ప్రశ్నలు అడిగించాలని పార్టీలో ఎవరో మహానుభావుడికి తోచింది. "మంత్రితో ముఖాముఖి" అని పేరు పెట్టారు. మొదటిది ఆయన సొంతూళ్లోనే పెట్టారు. సొంతూరైతే చప్పట్లకు లోటుండదని.

ముందురోజు సాయంత్రం తాడేపల్లిలో మా ఇంట్లో రిహార్సల్. ఆయన సోఫాలో కూర్చున్నారు. ఆయన పీఏ చైతన్యకృష్ణ ఎదురుగా ల్యాప్‌టాప్ పెట్టుకున్నాడు. నేను భోజనాల బల్ల దగ్గర గోరుచిక్కుళ్లు తుంచుతున్నాను. చైతన్యకృష్ణ మంచివాడే. విశాఖపట్నంలో పుట్టి, హైదరాబాదులో చదివి, మిరపచేనుని కారు అద్దంలోంచి చూసి ఫోటో తీసుకున్న మనిషి.

"మేడమ్, మీరు కాసేపు పబ్లిక్‌గా ఉంటారా?" అన్నాడు.

"ఉంటాను నాయనా. ఈ ఇంట్లో నా హోదా అదే."

"అయితే ఏదైనా అడగండి సార్‌ని."

"మా ఊరి ఆసుపత్రిలో డాక్టర్ని ఎందుకు తీసేశారు?" అన్నాను తలెత్తకుండా.

ఆయన సోఫాలో నిటారుగా సర్దుకున్నారు.

"తీసెయ్యలేదు. హేతుబద్ధీకరించాం," అన్నారు మా ఆయన. గొంతు అప్పుడే అసెంబ్లీ గొంతయింది. "రోగులు తక్కువగా వచ్చే ఆసుపత్రుల నుంచి డాక్టర్లను రద్దీ ఉన్న మండల కేంద్రాలకు మార్చాం. పల్లెల్లో నర్సు ఉంటుంది, ట్యాబ్ ఉంటుంది. ట్యాబ్‌లో నిపుణులైన డాక్టర్లు నేరుగా మాట్లాడతారు. దీనివల్ల రాష్ట్రవ్యాప్తంగా..."

"సూపర్ సార్," అన్నాడు చైతన్యకృష్ణ.

ట్యాబ్ అనగానే నాకు బుల్లయ్య అన్నయ్యగారు గుర్తొచ్చారు. మా ఆయనకీ గుర్తొచ్చే ఉంటారు. కళ్లజోడు తీసి, తుడవాల్సిన అవసరం లేకపోయినా తుడుచుకున్నారు.

బుల్లయ్యగారు మా వారి అక్క సుబ్బరావమ్మ వదిన భర్త. చిన్నప్పటి నుంచీ మిరప కల్లంలో బతికిన మనిషి. ఎండబెట్టిన కాయల్ని తిరగెయ్యడం, రంగు పోయిన తాలుకాయలు ఏరించడం, టిక్కీలనే గోనె బస్తాల్లోకి తొక్కించడం, ఇదే ఆయన జీవితం. ఆ ఘాటంతా పోయి ఊపిరితిత్తుల్లో కూర్చుంది. ఆయాసం వచ్చినప్పుడల్లా ఊరి ఆసుపత్రికి వెళ్లేవారు. డాక్టర్ హారిక అక్కడే వెనక క్వార్టర్‌లో ఉండేది. మిషను పెట్టి మందు పీల్పించి, "తాతగారూ, కల్లం మొహం చూడొద్దని చెప్పానా లేదా," అని కసిరి పంపేది. ఆయన మర్నాడు మళ్లీ కల్లానికి వెళ్లేవారు.

ఈ జనవరిలో ఒక సాయంత్రం ఊపిరి అందక మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయారు. వదిన ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ అప్పటికే మండల కేంద్రానికి మారిపోయింది. మిషను కూడా ఆమెతోపాటే వెళ్లింది. నర్సు పాపం, ట్యాబ్ తెరిచింది. తెరమీద ఎవరో డాక్టరుగారు కనిపించి, ఏదో చెప్పబోయి, నోరు తెరిచి అలాగే ఆగిపోయారు. సిగ్నల్ లేదు. నోరు తెరిచి ఆగిపోయిన డాక్టర్నీ, నోరు తెరిచినా గాలి అందని మొగుణ్నీ వదిన మార్చి మార్చి చూసిందట. తర్వాత ఎవరిదో ఆటో. చీమకుర్తి గ్రానైటు రాళ్లు వేసుకుని నిదానంగా పోయే లారీల వెనక ఆ ఆటో ఒంగోలు చేరేసరికి ఆయన గోళ్లు నీలంగా తిరిగిపోయాయి. బతికారు. కానీ ఇప్పుడు ఆయన లోకం మంచానికీ వరండాకీ మధ్యే.

ఆ ఒంగోలు ఆసుపత్రి మెట్ల మీద నుంచే వదిన తమ్ముడికి ఫోన్ చేసింది. "ఏరా, డాక్టరమ్మ ఏదిరా?" అంది. ఈయన అలవాటు కొద్దీ, "అక్కా, రాష్ట్రవ్యాప్తంగా చూస్తే..." అన్నారు.

వదిన ఫోను పెట్టేసింది. ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడలేదు. నాతో మాత్రం రోజూ మాట్లాడుతుంది, ఆయన పక్కన ఉన్నారని తెలిస్తే ఇంకాస్త గట్టిగా. "మీ ఆయనకి చెప్పమ్మాయ్, వాళ్ల బావ ఇంకా బతికే ఉన్నాడని. రాష్ట్రవ్యాప్తంగా కాదులే. మా వరండాలో."

రెండిళ్ల మధ్య టెలిఫోన్ తీగలాగా ఉండడం ఎంత విసుగో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఇటు మాట అటు వెళ్లదు, అటు మాట ఇటు వచ్చి ఆగుతుంది. మధ్యలో వేడెక్కేది మనం.

"సుబ్బరావమ్మగారు ప్రశ్న అడిగితే?" అన్నాను చైతన్యకృష్ణతో.

"ఆవిడ ప్రశ్న నేనే రాసి పంపాను మేడమ్. 'తమ్ముడూ, ఇంత పనిలో పడి నీ ఆరోగ్యం చూసుకుంటున్నావా?' అని. టీవీలో చాలా బాగుంటుంది."

"బాగుంటుంది," అన్నాను. వదిన ఆ కాయితాన్ని దేనికి వాడి ఉంటుందో ఊహించుకుంటూ. "ఇంతకీ ఎన్నింటికి?"

"పదకొండు గంటలకి. ఆసుపత్రి ఎదురుగా టెంటు."

ఫిబ్రవరి నెల. పదకొండు గంటలు. మిరపకోతలు ముమ్మరంగా సాగే రోజులు. నేను మా ఆయన వైపు చూశాను. మిరపచేలో పుట్టి, మిరప డబ్బుతో చదువుకుని, గెలిచాక మెడలో మిరపకాయల దండ వేయించుకున్న మనిషి. ఏమైనా అంటారేమోనని చేతిలో కాయ తుంచకుండా ఆగాను. ఆయన ఫోన్ చూసుకుంటున్నారు. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పబ్లిక్ సలహాలివ్వకూడదని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. పెదకాకాని దాటకముందే ఆయన నిద్రపోయారు. ఈ మధ్య ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోతున్నారు. ముఖం మీద నవ్వు తీసేసి పక్కన పెట్టినట్టు, పెదవులు కిందికి జారి ఉన్నాయి. ఒంగోలు దగ్గర పడుతుండగా లేచి, నేను ఏమీ అడక్కుండానే మాట్లాడారు.

"తప్పని ఒప్పుకుంటే ఏమవుతుందో తెలుసా నీకు?"

"ఎవరన్నారు తప్పని?"

"రాజీనామా చెయ్యమంటారు. మిగతా ఊళ్ల సంగతేమిటంటారు. టీవీలవాళ్లు నెల్లాళ్లు ఉతుకుతారు. మన పార్టీలోనే నా కుర్చీ కోసం కాసుకుని కూర్చున్నవాళ్లున్నారు."

"మంచినీళ్లు తాగండి," అన్నాను. ఇంకేమంటాం? ఎకనామిక్స్‌లో డిగ్రీ చేశాను గానీ కుర్చీల మీద మాకు పాఠం లేదు.

ఊళ్లోకి దిగేసరికి ఏర్పాట్లు ఘనంగా ఉన్నాయి. ఆసుపత్రి ఎదురుగా టెంటు, వేదిక, నాలుగు మూలలా ఆయన ఫ్లెక్సీలు. వరసలు వరసలుగా ఎర్ర కుర్చీలు. టీవీ కెమెరాలు రెండో మూడో. శాఖ నుంచి అధికారులు, మండలం నుంచి పార్టీవాళ్లు. డాక్టర్ హారికని కూడా ఈ ఒక్కరోజుకి తెచ్చి, తెల్లకోటు వేయించి గుమ్మంలో నిలబెట్టారు. ఆ అమ్మాయి ఎవరి కళ్లలోకీ చూడకుండా నిలబడింది.

అన్నీ ఉన్నాయి. జనం లేరు.

కుర్చీల్లో కర్రలు పట్టుకున్న ముసలివాళ్లు కొందరు, టెంటు నీడకి వచ్చిన కుక్క ఒకటి. ఊళ్లోకి చూస్తే ఇళ్లన్నిటికీ తాళాలు. దూరంగా చేలల్లో మాత్రం తలపాగాలు, చీరకొంగులు చుట్టుకున్న తలలు వరసలుగా వంగి కదులుతున్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా కల్లాల ఘాటు. చైతన్యకృష్ణ తుమ్మడం మొదలుపెట్టాడు.

"వస్తారు సార్, వస్తారు," అంటూనే తుమ్మాడు. మైకులో పాట వేయించాడు. పాట అయిపోయింది. ఇంకో పాట వేయించాడు. ముసలివాళ్లలో ఒకాయన లేచి ఇంటికి వెళ్లిపోయాడు. కుక్క మాత్రం ఉంది.

అప్పుడు శాఖ పెద్ద అధికారి వేదిక మీద వంగి, మా ఆయన చెవిలో చెప్పాననుకుని, ఆన్‌లోనే ఉన్న మైకులో చెప్పాడు.

"ఈ ఊరివాళ్లకి ఆరోగ్యం మీద శ్రద్ధ తక్కువ సార్. పోయినేడు డాక్టర్ని మార్చేముందు చేసిన మా సర్వేలో కూడా ఇదే తేలింది. సరిగ్గా ఈ రోజుల్లోనే చేశాం. పొద్దుణ్నుంచీ సాయంత్రం నాలుగింటి దాకా కూర్చుని చూశారు మావాళ్లు. ఆసుపత్రికి వచ్చే నాథుడే లేడు. కుర్చీలన్నీ ఇలాగే ఖాళీ."

మా ఆయన ఆ కుర్చీల వైపు చూశారు. తర్వాత తలతిప్పి చేల వైపు చూశారు. చాలాసేపు చూశారు. ఆ ముఖం నాకు తెలుసు. కాలేజీ రోజుల్లో పరీక్ష హాల్లోంచి బయటికి వచ్చి, వెనక పేజీలో ఇంకో ప్రశ్న ఉందని తెలిసినవాడి ముఖం.

"టెంటు తీసెయ్యకండి. కుర్చీలు మాత్రం తీసుకెళ్లి కల్లం దగ్గర వెయ్యండి," అన్నారు. "సాయంత్రం చూద్దాం."

"సార్, మధ్యాహ్నం ఒంగోల్లో ప్రారంభోత్సవం..." అన్నాడు చైతన్యకృష్ణ.

"రాలేనని చెప్పు."

వదిన ఇంటికి నడిచే వెళ్లాం. ఆవిడ కూడా చేలోనే ఉండాల్సింది, అన్నయ్యగారిని వదిలి వెళ్లలేక ఇంటి దగ్గరే ఉండిపోయింది. గుమ్మంలో మమ్మల్ని చూసి నా భుజం మీద చెయ్యి వేసింది.

"రా అమ్మాయ్. ఎండన పడి వచ్చావు. మీ ఆయన్ని కూడా కాళ్లు కడుక్కోమను. మంత్రులకి కాళ్లుంటే."

"అక్కా," అన్నారు మా ఆయన.

"దోసకాయ పప్పు చేశానని చెప్పమ్మాయ్. పడుద్దో పడదో. వాళ్ల ట్యాబ్‌ని అడిగి చెప్పమను."

నేను ఏమీ చెప్పలేదు. ఇద్దరూ వినపడేంత దూరంలోనే ఉన్నారు. తీగకి కూడా సెలవు కావాలి కదా.

వరండాలో బుల్లయ్యగారు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉన్నారు. మనిషి సగమయ్యారు. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి అందుకుంటున్నారు. అయినా నవ్వు మాత్రం పాతదే.

"ఏవయ్యా మంత్రీ. మీటింగు బ్రహ్మాండంగా జరిగిందంటగా."

"ఊళ్లో ఎవరూ లేరు బావా."

"ఎందుకుంటారు? ఫిబ్రవరిలో, పదకొండింటికి..." ఊపిరి కోసం ఆగారు. "నువ్వు మా కల్లంలో పెరిగినోడివేనా? లేక మీ అమ్మ నిన్ను ఆస్పత్రిలో మార్చుకొచ్చిందా?"

"అప్పుడు ఈ ఊళ్లో ఆస్పత్రే లేదు, మార్చడానికి," అంది వదిన, నా వైపు తిరిగి.

మా ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. "సరే బావా, కోతల్లో ఒంట్లో బాగోకపోతే ఎప్పుడెళ్లేవాళ్లు?"

"ఎప్పుడెళ్తారు? చీకటితో చేలోకి పోతారు. దీపాలేళకి ఇంటికొస్తారు. అప్పుడు డాక్టరమ్మ వరండాలోనే అందరూ. చేతులు మండేవాళ్లు, పురుగుమందు కొట్టి కళ్లు తిరిగేవాళ్లు, నేను. ఆ పిల్ల అన్నం చల్లారిపోయేది గానీ... ఎవర్నీ పొమ్మనేది కాదు." చాలాసేపు ఊపిరి పీల్చుకున్నారు. "మీవోళ్లు నాలుగింటికే లెక్కలు కట్టేసి కారెక్కారు. మాకు తెల్లారేది అప్పుడే."

వదిన పప్పూ, గోంగూర పచ్చడీ వడ్డించింది. ఆయన తిన్నారు. ఆవిడ అడక్కుండానే రెండోసారి అన్నం పెట్టింది, అదీ ముఖం అటు తిప్పుకునే. తర్వాత ఆయన అక్కడే, బావ మంచం పక్కన, చాప మీద పడుకున్నారు. నిద్రపోయారనుకున్నాను. కాసేపయ్యాక చూస్తే కళ్లు తెరిచే ఉన్నాయి. బావ ఊపిరి వింటున్నారు. పైకీ కిందికీ, తుప్పు పట్టిన బోరింగు కొట్టినట్టు వస్తోంది ఆ ఊపిరి.

పొద్దు వాలాక ఆటోలు ఒక్కొక్కటే రావడం మొదలైంది. క్యారేజీలు, నీళ్ల బాటిళ్లు, నడుములు పట్టుకుని దిగే ఆడవాళ్లు. కల్లం పక్కన కుర్చీలు చూసి నవ్వుకున్నారు. కొందరు కూర్చున్నారు, కొందరు కాయలు ఆరబోసే టార్పాలిన్ పట్టాల మీద కూలబడ్డారు. చెయ్యి కడుక్కోకుండా ముఖం తుడుచుకోబోయిన ఒకామెని పక్కామె కేకేసి ఆపింది. కల్లంలో ఎర్రగా పరిచిన కాయల మీద చివరి ఎండ. ఘాటుకి కెమెరావాళ్లు ముక్కులకి చేతిరుమాళ్లు కట్టుకున్నారు. మా ఆయన వేదిక లేకుండా నిలబడ్డారు. ఆయన కళ్లలోనూ నీళ్లు తిరుగుతున్నాయి. అది ఘాటేనని చైతన్యకృష్ణ ఒక విలేఖరికి చెప్పాడు.

మొదట ఖుర్షిదా లేచింది. కోత ముఠాకి పెద్ద ఆమే. మాట కంచుగంట.

"నా ప్రశ్న ఈ అబ్బాయి రాసిచ్చాడు," అంది చైతన్యకృష్ణని చూపిస్తూ. "ఆరోగ్య పథకాలు మాకు ఎట్టా ఉపయోగపడుతున్నాయో చెప్పమన్నాడు. నాకు చదవరాదయ్యా. వచ్చిందే అడుగుతా. మొన్న పురుగుమందు కొట్టి మావోడు చేలో పడిపోతే ఆ టీవీ డాక్టరు నాలుక చూపించమన్నాడు. నాలుక చూపించాలంటే వాడికి తెలివుండాల గదా?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వబోయి ఆగారు.

"ట్యాబ్ విధానంలో కొన్ని సాంకేతిక..." అని మొదలుపెట్టారు. ఆ వాక్యం నాకు మొత్తం తెలుసు. అది ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ ఆగకుండా పోతుందో తెలుసు. చైతన్యకృష్ణ తల ఊపుతూ ధైర్యం చెబుతున్నాడు.

"నేనడుగుతా," అంది వెనక నుంచి సుబ్బరావమ్మ వదిన.

ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. జనం దారిచ్చారు. ఆవిడ నా దగ్గరికి రాలేదు. నా వైపు చూడను కూడా లేదు. తిన్నగా తమ్ముడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏరా కోటేషూ."

ఇన్నాళ్ల తర్వాత ఆవిడ ఆయన్ని పిలవడం అదే.

"చెప్పక్కా."

"డాక్టరమ్మని ఇక్కణ్నుంచి పంపించిందెవరు?"

"అక్కా, ప్రభుత్వం..."

"ప్రభుత్వం ఏ ఊరోడురా? ఆడికి అక్కుందా? బావున్నాడా? సంతకం ఎవరిదో చెప్పు."

"సంతకం నాదే."

"పెట్టేముందు చదివావా?"

చైతన్యకృష్ణ రెండడుగులు ముందుకొచ్చి, "సార్, టైమైంది సార్, ట్రాఫిక్..." అన్నాడు. కెమెరావాళ్లు చేతిరుమాళ్లు కిందికి లాగి ముందుకి జరిగారు. అధికారి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పక్కకి పోయాడు. నాకు ఒంగోలు దారిలో ఆయన చెప్పిన మాటలన్నీ కళ్లముందు కదిలాయి. రాజీనామా, టీవీలు, కాసుకుని కూర్చున్నవాళ్లు. నిజంగానే అన్నీ జరుగుతాయి. రేపు పొద్దున్నకే మొదలవుతాయి. ఆయన నా వైపు చూశారు. నేనేమీ సైగ చెయ్యలేదు. నాకూ అలసటగా ఉంది. ఎవరో ఒకరు ఏదో ఒకటి తిన్నగా అంటే విని ఇంటికి వెళ్లాలని ఉంది.

"చదివానక్కా," అన్నారు. "కోతల నెలలో, నాలుగింటి లోపల లెక్కపెట్టారని అందులో రాసే ఉంది. చదివాను. మన ఊరని కూడా చూశాను. ఆ వేళప్పుడు ఊళ్లో ఎవరుంటారని నాకు ఒక్క క్షణం అనిపించింది కూడా. కారులో ఉన్నాను. ఇంకా చాలా సంతకాలున్నాయి."

"అనిపించినా పెట్టావు."

"పెట్టాను."

గాలి తిరిగింది. కల్లం ఘాటు ఒక్కసారిగా అందరి మీదకీ వచ్చింది. ఎవరో దగ్గారు. వదిన కదల్లేదు, కళ్లు కూడా తుడుచుకోలేదు.

"దాన్నేమంటార్రా మన ఊళ్లో?"

ఆయన మైకు కిందికి దించారు. కానీ గొంతు తగ్గించలేదు. అందరికీ వినపడింది, కెమెరాలకీ, వెనక పట్టాల మీద కూర్చున్న వాళ్లకీ.

"తప్పంటారు," అన్నారు. "డాక్టరమ్మని పంపించెయ్యడం తప్పు. ఆ తప్పు ప్రభుత్వానిది కాదు, లెక్కపెట్టినవాళ్లది కూడా కాదు. తెలిసి తెలిసీ సంతకం పెట్టింది నేను. తప్పు నాదే అక్కా."